సాక్షి కుర్చీ నుంచి ఉద్యోగి కుర్చీకి

సొంత దేశంలో ప్రాణభయంతో పారిపోయి వచ్చి ఇంగ్లండ్‌లో ఆశ్రయం కోరి, ప్రభుత్వం చూపించిన హోటల్లో తలదాచుకుంటున్న మనిషికి వారానికి చేతికొచ్చేది 9.95 పౌండ్లు. తిండి హోటల్లోనే పెడుతున్నాం కదా, మిగతా ఖర్చులకు ఇది చాలని ప్రభుత్వం లెక్క. ఫోన్ రీచార్జి, బట్టల సబ్బు, పిల్లవాడు అడిగిన చాక్లెట్, అన్నీ అందులోంచే. లండన్ బయట బస్సు టికెట్ ఒక వైపుకు 3 పౌండ్ల దాకా ఉంటుంది. ఊళ్లో జరిగే ఒక మీటింగుకు వెళ్లి రావాలంటే 6 పౌండ్లు. వారం డబ్బులో సగానికి పైగా అక్కడే అయిపోతుంది.

ఆ మీటింగు దేని గురించంటే, ఆశ్రయం కోరినవాళ్ల బతుకుల గురించే. పిలిచింది కూడా వాళ్ల మేలు కోరే స్వచ్ఛంద సంస్థే. "టికెట్ పారేయకండి, బస్సు డబ్బులు తర్వాత ఇస్తాం" అంటారు. తర్వాత అంటే ఫారం నింపాక, అకౌంట్స్ వాళ్లు చూశాక, బ్యాంకు ఖాతాలో వేస్తారన్నమాట. ఆశ్రయం దరఖాస్తు నడుస్తున్న చాలామందికి బ్యాంకు ఖాతానే ఉండదు.

ఇలాంటి సభల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. వేదిక మీద మూడు కుర్చీలు. ఒకదాంట్లో సంస్థ పాలసీ విభాగం చూసే అధికారి, ఇంకోదాంట్లో స్థానిక ఎంపీ, మూడోదాంట్లో ఆశ్రయం కోరిన మనిషి. మొదటి ఇద్దరికీ అది పనిదినం, నెలాఖరుకు జీతం పడుతుంది. మూడో మనిషికి పది నిమిషాలు ఇస్తారు. ఇల్లు ఎలా వదిలిందీ, దారిలో ఎవరిని పోగొట్టుకున్నదీ, ఇక్కడికొచ్చాక ఎన్నాళ్లుగా జవాబు కోసం ఎదురుచూస్తున్నదీ ఆమె చెబుతుంది. హాల్లో కొందరు కళ్లు తుడుచుకుంటారు. చప్పట్లు కొడతారు. మన సభల్లో శాలువా కప్పి పంపినట్టు, అక్కడ ఒక థాంక్యూ కార్డు, ఒక కప్పు టీ. అసలు చర్చ ఆ తర్వాత ఇంకో గదిలో మొదలవుతుంది. ఏ డిమాండు ముందు పెట్టాలి, ఏ మంత్రికి ఉత్తరం రాయాలి, వచ్చే ఏడాది డబ్బు దేని మీద ఖర్చు చేయాలి అని. ఆ గదిలోకి మూడో కుర్చీ మనిషికి పిలుపు ఉండదు.

ఆశ్రయం కోరిన అనుభవం ఉన్నవాళ్లకు జీతమిచ్చి అడ్వకసీ పనిలో, అంటే చట్టాలు, విధానాలు మార్చమని ప్రభుత్వాన్ని ఒప్పించే పనిలో, ఇంటర్న్‌లుగా తీసుకోవాలన్న ఆలోచన ఆ రెండో గది తలుపు తెరవడం కోసమే. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలలో శరణార్థుల కోసం పనిచేసే సంస్థలు కొన్నేళ్లుగా ఈ దారి పడుతున్నాయి. కొన్ని నెలల నుంచి ఏడాది దాకా గడువు, వారానికి రెండు మూడు రోజుల పని, చేతికి జీతం. పైకి చూస్తే చిన్న ఉద్యోగ పథకం. కానీ జీతం అనే ఒక్క మాటతో ఆ మనిషికీ సంస్థకీ మధ్య ఉన్న సంబంధమే మారిపోతుంది. గోడు వినిపించే మనిషి ఏ మాట ఎవరికి, ఎప్పుడు వినిపించాలో తేల్చేవాళ్లలో ఒకరవుతారు. అందుకే దీన్ని దానం లెక్కన చూడకూడదు. అయితే జీతమొక్కటే సరిపోదు. ఆ జీతం ఏ పనికి ఇస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

పని చేయకూడదు, ఊరికే చేయొచ్చు

బ్రిటన్‌నే దగ్గరగా చూద్దాం, ఎందుకంటే చిక్కు బాగా ముడిపడి ఉన్నది అక్కడే. ఆశ్రయం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2002 దాకా, ఆరు నెలలు గడిచినా నిర్ణయం రాకపోతే పని అనుమతి అడిగే వెసులుబాటు ఉండేది. ఆ ఏడాది జులైలో దాన్ని ఎత్తేశారు. 2005లో 12 నెలల నిబంధన వచ్చింది: ఏడాది దాటినా నిర్ణయం రాలేదు, ఆ ఆలస్యం దరఖాస్తుదారు వల్ల జరగలేదు అంటేనే అనుమతి అడగాలి. 2010 నుంచి ఇంకో తాళం పడింది. అనుమతి వచ్చినా, దేశంలో మనుషుల కొరత ఉందని ప్రభుత్వం గుర్తించిన ఉద్యోగాలే చేయాలి. 2024 ఏప్రిల్‌లో ఆ జాబితా స్థానంలో ఇమిగ్రేషన్ శాలరీ లిస్ట్ అనేది వచ్చింది. ఏ జాబితాలోనూ స్వచ్ఛంద సంస్థలో ప్రచారం నడిపే ఉద్యోగం లేదు. అంటే ఏడాది ఓపిక పట్టి, అనుమతి సంపాదించుకున్న మనిషికి కూడా, తన సొంత విషయం మీద జీతానికి పనిచేసే దారి మూసే ఉంది.

2018లో రెఫ్యూజీ యాక్షన్ లాంటి సంస్థలు, కార్మిక సంఘాలు, కొన్ని వ్యాపార సంస్థలు కలిసి ఈ నిషేధం ఎత్తేయాలని లిఫ్ట్ ద బ్యాన్ పేరుతో కూటమి కట్టాయి. ఆరు నెలల తర్వాత ఏ పనైనా చేసుకోనివ్వాలన్నది వాళ్ల డిమాండు. నిషేధం ఇప్పటికీ అలాగే ఉంది. 2023 జూన్ నాటికి మొదటి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు లక్షా 75 వేల మందికి పైనే. ఇంతమందిని ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చోబెట్టడం ఎవరికి లాభమో ఆ దేశపు పన్ను కట్టేవాళ్లే అడగాల్సిన ప్రశ్న.

నిషేధం జీతం మీదే. ఊరికే చేస్తానంటే ఒక మేరకు చేయనిస్తారు. ఇక్కడ వలసల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్ నిబంధనల్లో ఒక సన్నని గీత ఉంది. వాలంటీరింగ్ చేయొచ్చు, వాలంటరీ వర్క్ చేయకూడదు. మన భాషలో రెండింటినీ స్వచ్ఛంద సేవ అనే అంటాం, వాళ్లకు మాత్రం తేడా చాలా ఉంది. మొదటిది ఇష్టమైనప్పుడు వచ్చి, ఇష్టం లేనప్పుడు మానేసే సాయం. చేసిన ఖర్చు, అంటే బస్సు టికెట్, మధ్యాహ్నం భోజనం లాంటివి తప్ప ఏమీ ఇవ్వకూడదు. రెండోదానిలో ఒప్పందం, వేళలు, బాధ్యత ఉంటాయి, కాబట్టి అది ఉద్యోగం కిందికే వస్తుంది. అందువల్ల శరణార్థుల సంస్థల్లో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. నిజాయితీగా సాయం చేయాలనుకున్న సంస్థ కూడా, దరఖాస్తు నడుస్తున్న మనిషికి జీతం ఇస్తే చట్టం తప్పినట్టే. తీసుకున్న ఆ మనిషీ చిక్కుల్లో పడతారు.

ఇంకో మెలిక కూడా ఉంది. దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. బ్రిటన్‌లో 1998 నాటి కనీస వేతన చట్టం ప్రకారం ఇంటర్న్ చేసేది నిజంగా పనే అయితే కనీస వేతనం ఇవ్వాల్సిందే. అదే చట్టంలోని 44వ సెక్షన్ మాత్రం చారిటీలకు మినహాయింపు ఇస్తుంది. ఖర్చులు తప్ప ఏమీ ఇవ్వకుండా మనిషిని పెట్టుకునే వీలు వాటికి ఉంది. అంటే ఒక కంపెనీ ఊరికే పని చేయించుకుంటే నేరం, చారిటీ చేయించుకుంటే సేవ. ఈ మినహాయింపు ఉన్నంతకాలం, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగిన కుటుంబాల పిల్లలే చారిటీల్లో ఊరికే ఇంటర్న్‌లుగా చేరి, అనుభవం సంపాదించి, తర్వాత అక్కడే ఉద్యోగస్తులవుతారు. ఆశ్రయం పొందిన మనిషి ఆ మెట్టు ఎక్కడానికి ఇంటి నుంచి తెచ్చుకునేదేముంది? ఉన్న ఇల్లే పోగొట్టుకుని వచ్చారు. అందుకే శరణార్థుల పేరుతో నడిచే సంస్థ ఈ మినహాయింపును వాడుకోవడం అన్యాయం. చట్టం ఒప్పుకున్నా సరే.

ఇక ప్రకటనల్లో కనిపించే "ఆశ్రయం కోరిన అనుభవం ఉన్నవారు" అన్న మాట వెనక అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఆచరణలో అది ఆశ్రయం కోరి, ఆ తర్వాత దరఖాస్తు ఆమోదం పొంది శరణార్థి హోదా వచ్చినవాళ్లకే వర్తిస్తుంది. హోదా వచ్చిన రోజు నుంచి ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఈ రోజు హోటల్ గదిలో ఉన్న మనిషికి ఆ తలుపు తెరుచుకోదు. వ్యవస్థ ఈ వారం ఎలా పనిచేస్తోందో బాగా తెలిసినవాళ్లు బయటే ఉండిపోతారు, మూడేళ్ల కిందట ఎలా ఉండేదో తెలిసినవాళ్లు లోపలికి వస్తారు. ఈ లోటును దాచిపెట్టకుండా చెప్పే సంస్థలే మంచివి.

అమెరికాలో గడియారం

అమెరికాలో లెక్క వేరు. అక్కడ ఆశ్రయం దరఖాస్తు పెట్టిన 150 రోజుల తర్వాత ఈఏడీ కార్డుకు, అంటే పని అనుమతి కార్డుకు, దరఖాస్తు చేసుకోవచ్చు, 180 రోజులు నిండాక అది చేతికొచ్చే వీలుంటుంది. ఈ కార్డు కోసం ఎదురుచూపు ఎలా ఉంటుందో చాలా తెలుగు ఇళ్లలో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి) మీద ఉన్న కొడుకు కార్డు కోసమో, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న కోడలి కార్డు కోసమో పోస్టు డబ్బా చూసుకున్న కుటుంబాలు ఎన్నో. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదన్న టెన్షన్, ఆ రోజులు మిగుల్చుకోవడానికి జీతం లేకపోయినా సరే ఎక్కడో ఒకచోట చేరిపోవడం కూడా తెలిసిన సంగతే. ఆ తర్వాత సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్లకు వచ్చే స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదని అమెరికా నిబంధనలే చెబుతాయి. శిక్షణ పేరుతో ఊరికే పని చేయించుకోవడం దోపిడీకి దారి తీస్తుందని ఆ ప్రభుత్వానికి తెలుసు కాబట్టే కదా ఆ నిబంధన.

2020 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం ఆశ్రయం కోరినవాళ్ల 180 రోజుల గడువును 365 రోజులకు పెంచింది. దాని మీద వచ్చిన కేసులో 2020 సెప్టెంబర్‌లో మేరీలాండ్ ఫెడరల్ కోర్టు కొన్ని సంస్థల సభ్యుల మటుకు ఆ నిబంధనలను ఆపింది. ఆ సంస్థల్లో ఒకటి అసైలమ్ సీకర్ అడ్వకసీ ప్రాజెక్ట్, పొట్టిగా అసాప్. ఆశ్రయం కోరినవాళ్లే అందులో సభ్యులు. 2022 ఫిబ్రవరిలో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు ఇంకో కేసులో ఆ నిబంధనలను పూర్తిగా కొట్టేసింది. తమ సమస్య మీద తామే సంఘంగా నిలబడితే జరిగేదేమిటో ఇక్కడ కళ్లకు కనబడుతుంది. ఆ సంఘంలో సభ్యులుగా ఉండటం వల్లే వేలమందికి సగం కాలంలో పని కార్డు అడిగే దారి దొరికింది. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం ఈ మొదటి కార్డుకే 550 డాలర్ల ఫీజు పెట్టింది. అంతకు ముందు వరకూ అది ఉచితం. పని చేయడానికి అనుమతి లేని మనిషి పని అనుమతి కోసం అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

అయినా, అమెరికాలో దరఖాస్తు ఇంకా నడుస్తుండగానే ఒక మనిషి చట్టబద్ధంగా జీతం తీసుకుంటూ అడ్వకసీ పనిలో చేరవచ్చు. బ్రిటన్‌లో ఆ వీలు లేదు. రెండు దేశాల ఇంటర్న్‌షిప్ ప్రకటనలు ఒకేలా కనిపించినా, ఎవరికి అందుతాయన్న దగ్గర వాటికి పోలికే లేదు.

దిగినవాళ్లకే తెలిసిన లోతు

ఆశ్రయం కోరినవాళ్లకు అడ్వకసీ ఎవరో నేర్పాలి అనుకోవడం పొరపాటు. 2020 సెప్టెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం వేల్స్‌లోని పెనలీ అనే ఊళ్లో పాత సైనిక శిబిరాన్ని ఆశ్రయం కోరిన మగవాళ్లకు వసతిగా మార్చింది. లోపల ఉన్నవాళ్లు తమ పరిస్థితులు బయటికి చెప్పడానికి సొంతంగా సంఘం కట్టుకున్నారు. 2021 మార్చికల్లా శిబిరం మూతపడింది. కెంట్‌లోని నేపియర్ బ్యారక్స్‌లో ఉంచిన ఆరుగురు కోర్టుకెక్కారు. అక్కడి వసతి చట్టవిరుద్ధంగా ఉందని 2021 జూన్‌లో హైకోర్టు తీర్పిచ్చింది. అంతకు ముందు, వలస నిర్బంధం మీద పార్లమెంటు సభ్యుల బృందాలు విచారణ జరిపినప్పుడు, నిర్బంధ కేంద్రాల్లో ఉన్నవాళ్లు లోపలి నుంచే ఫోన్లో మాట్లాడి సాక్ష్యమిచ్చారు. ఎవరినీ 28 రోజులకు మించి నిర్బంధంలో ఉంచకూడదని 2015 మార్చిలో ఆ విచారణ నివేదిక సిఫారసు చేసింది. శిబిరంలో పడుకుని, నిర్బంధంలో ఉండి ఈ పని చేసినవాళ్లకు ఎవరూ పైసా ఇవ్వలేదు.

గ్లాస్గోలో 2005లో డ్రమ్‌చాపెల్ హైస్కూల్ అమ్మాయిలు ఆశ్రయం కోరిన తమ స్నేహితురాలి కుటుంబాన్ని వలస అధికారులు తెల్లవారుజామున తీసుకెళ్లారని తెలిసి ఉద్యమం మొదలుపెట్టారు. గ్లాస్గో గర్ల్స్‌గా పేరుపడ్డ ఆ పిల్లల్లో రోజా సాలిహ్ ఒకరు. ఇరాక్ నుంచి వచ్చిన కుర్దు కుటుంబం ఆమెది. 2022 మేలో గ్లాస్గో నగర కౌన్సిల్‌కు ఆమె ఎన్నికైంది. స్కాట్లండ్‌లో శరణార్థిగా వచ్చి కౌన్సిలర్ అయిన మొదటి మనిషి. దానికి ముందు 2020లో స్కాట్లండ్ పార్లమెంటు శరణార్థులకు ఓటు హక్కు ఇచ్చే చట్టం చేసింది. బడి ఆవరణలో సంతకాలు సేకరించిన అమ్మాయికీ కౌన్సిల్ కుర్చీకీ మధ్య 17 ఏళ్లు పట్టింది. ఆమె పట్టుదల అలాంటిది. అంత పట్టుదల ఉన్నవాళ్లు మాత్రమే పైకి రాగలిగే ఏర్పాటును మంచి ఏర్పాటు అనలేం.

అనుభవం వల్ల వచ్చే తెలివిడి ఎలాంటిదో ఒక చిన్న ఉదాహరణ. శరణార్థి హోదా వచ్చాక కొద్ది రోజుల గడువిచ్చి ప్రభుత్వ వసతి, వారం డబ్బు ఆపేస్తారు. చాలాకాలం ఆ గడువు 28 రోజులు. 2024 డిసెంబర్‌లో దాన్ని ప్రయోగాత్మకంగా 56 రోజులకు పెంచారు, 2025లో ఒంటరి పెద్దవాళ్లకు మళ్లీ 28కి తగ్గించారు. కాగితం మీద చదివేవాళ్లకు 28 రోజులంటే నాలుగు వారాలు. అనుభవించినవాళ్లకు అది వేరే లెక్క. ఉత్తరం రావడానికి కొన్ని రోజులు పోతాయి, బ్యాంకు ఖాతా తెరవడానికి ఇంకొన్ని రోజులు, యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే నెలసరి సాయం) మొదటి డబ్బు పడటానికి అయిదు వారాలు. అయిదు వారాలంటే 35 రోజులు. చేతిలో ఉన్నది 28. ఆ మధ్య వారం ఎక్కడ పడుకున్నారో చెప్పగలిగిన మనిషి డిమాండు రాసే బల్ల దగ్గర ఉంటే, "గడువు పెంచండి" అన్న మొక్కుబడి మాట దగ్గర ఆగరు. మొదటి డబ్బు పడేదాకా వసతి ఆపొద్దని రాయిస్తారు.

ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టడమంటే వాళ్ల కథ చెప్పించడమని చాలా సంస్థలు పొరబడతాయి. ఇంటర్న్‌గా తీసుకుంటారు, జీతమూ ఇస్తారు. ఆరు నెలల్లో ఆ మనిషి చేసే పని చూస్తే మూడు సభల్లో ప్రసంగం, రెండు విలేకరుల ఇంటర్వ్యూలు, దాతల కోసం ఒక వీడియో. పాత మూడో కుర్చీయే, ఈసారి దానికి స్టైపెండ్ వచ్చింది. ఇలాంటి ఇంటర్న్‌షిప్ నష్టమే ఎక్కువ చేస్తుంది. హోం ఆఫీస్ అధికారికి, లాయర్‌కు, డాక్టరుకు, కొన్నిసార్లు జడ్జికి ఇప్పటికే ఆ కథను వాళ్లు చెప్పి ఉన్నారు. చిత్రహింసల గురించి, అత్యాచారం గురించి ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు మళ్లీ మళ్లీ చెప్పడం వల్ల ఆ గాయం మానదు. అందుకే అంగీకార పత్రంలో మొదటి వాక్యమే ఇలా ఉండాలి: సొంత కథ చెప్పనని అనే హక్కు ఇంటర్న్‌కు ఉంది, చెప్పకపోవడం వల్ల ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదు.

దీనిలో చట్టపరమైన ప్రమాదం కూడా ఉంది. ఆశ్రయం కేసులు చాలావరకు మాట నమ్మదగినదా కాదా అన్న ప్రశ్న మీదే నిలుస్తాయి. 2004 నాటి బ్రిటన్ ఆశ్రయ చట్టంలో 8వ సెక్షన్ ప్రత్యేకంగా ఈ నమ్మకాన్ని తూకం వేయడం గురించే. హోం ఆఫీస్ ఇంటర్వ్యూలో ఊరు వదిలింది మార్చి నెలలో అని, సభలో ఏప్రిల్‌లో అని చెప్పినా ఆ తేడా చూపించి కేసు తోసిపుచ్చే అవకాశం ఉంది. బయట పడ్డ ఫొటో చూసి సొంత ఊళ్లో ఉన్న అన్నదమ్ముల మీద కక్ష తీర్చుకోవచ్చు. హోదా వచ్చినవాళ్లకూ ఇప్పుడు నిశ్చింత లేదు. అప్పటిదాకా అయిదేళ్లకు ఇస్తూ వచ్చిన హోదాను ఇకపై 30 నెలలకొకసారి తిరిగి చూస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. రెండున్నరేళ్లకోసారి తలుపు తట్టే భయం ఉన్నవాళ్లు ప్రభుత్వాన్ని విమర్శిస్తూ మైకు ముందు నిలబడాలంటే, వెనక లాయర్ సలహా ఇప్పించే సంస్థ ఉండాలి. అది కూడా ప్రసంగానికి ముందు, తర్వాత కాదు.

మరి చేయాల్సిన పని ఏమిటి? అడ్వకసీ ఉద్యోగంలో చాలా భాగం కెమెరా ముందు జరగదు. పార్లమెంటులో మంత్రులిచ్చిన లిఖిత జవాబులు చదవడం, గత ఏడాది చెప్పిందానికీ ఇప్పుడు చెప్పిందానికీ తేడా పట్టుకోవడం, ప్రభుత్వ శాఖల పనితీరును విచారించే ఎంపీల బృందానికి, అంటే సెలెక్ట్ కమిటీకి, పంపే నివేదిక రాయడం, ఎంపీ వారం వారం జనాన్ని కలిసే చోటుకు ఒక కుటుంబాన్ని తీసుకెళ్లి ఏం అడగాలో ముందే మాట్లాడుకోవడం, ఇంకో సంస్థతో డిమాండ్ల మీద వాదించి రాజీకి రావడం. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులు. ఇవే నేర్పాలి. ఇవి చేతికొస్తే ఆ మనిషి రేపు ఇళ్ల సమస్య మీదో, బస్సు చార్జీల మీదో పనిచేసే సంస్థలో కూడా ఉద్యోగం తెచ్చుకోగలరు. జీవితాంతం "శరణార్థి గొంతు" అన్న చీటీ మెడలో వేసుకుని తిరగనక్కర్లేదు.

డబ్బు లెక్క ఒకటి చూద్దాం. హోదా వచ్చి యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్న, పిల్లలు లేని ఒంటరి మనిషి వారానికి రెండు రోజులు, అంటే 14 గంటలు ఇంటర్న్‌గా పనిచేస్తారనుకుందాం. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 170.94 పౌండ్లు వస్తాయి. సంపాదించిన ప్రతి పౌండుకు 55 పెన్సులు ప్రభుత్వ సాయంలో కోత పడుతుంది. నికరంగా మిగిలేది 76.92 పౌండ్లు. రోజుకు 38 పౌండ్లన్నమాట. అందులోంచే ప్రయాణం, బయటి తిండి. కోత సంగతి చేరిన నాడే చెప్పి, కాగితం మీద లెక్క వేసి చూపించే సంస్థలు తక్కువ. మొదటి నెల సాయం తగ్గి వచ్చినప్పుడు భయపడి మానేసిన మనిషిని "నిబద్ధత లేదు" అనడం తేలిక.

ఇంటర్న్ అన్న పేరు మీద కూడా ఒక మాట. ఆశ్రయం కోరి వచ్చేవాళ్లలో లాయర్లు, టీచర్లు, విలేకరులు, నర్సులు ఉంటారు. సొంత దేశంలో పదిహేనేళ్లు కోర్టులో వాదించిన నలభై అయిదేళ్ల మనిషిని ఇరవై రెండేళ్ల సూపర్‌వైజర్ కింద ఇంటర్న్ అని పిలవడం ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించాలి. కొత్త దేశపు పద్ధతులు నేర్చుకోవాలి, నిజమే. ఆ నేర్చుకోవడానికి సహాయ అధికారి అనో, ట్రైనీ ప్రచారకర్త అనో పేరు పెట్టి, అనుభవానికి తగ్గ జీతం ఇవ్వడానికి అడ్డేముంది? ఎంపికలో ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్లే గెలవడం మరో చిక్కు. ఇంగ్లీషు చదువు చదివి వచ్చిన ఎరిట్రియా యువకుడు, పష్తో తప్ప రాని అఫ్గాన్ తల్లి బాధను పూర్తిగా చెప్పలేడు. దుబాసీ ఖర్చు బడ్జెట్లో లేకపోతే ఆ తల్లి ఆ బల్ల దాకా ఎప్పటికీ రాదు.

మన చుట్టుపక్కల చూస్తే, భారత్ 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, వాళ్ల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు ఏళ్లుగా ఉంటున్న రోహింగ్యాలు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు పట్టుకుని కూలిపనుల మీద, చెత్త ఏరడం మీద బతుకుతున్నారు. ఉర్దూ, హిందీ పట్టుబడినవాళ్లే మిగతావాళ్ల తరఫున ఆసుపత్రిలో, బడిలో మాట్లాడి పెడుతుంటారు. ఆ పూట కూలి పోతుంది. అదీ అడ్వకసీయే, దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు, అంతే. పక్కనే తమిళనాడులో వేరే అనుభవం ఉంది. 1984లో ఎస్.సి. చంద్రహాసన్ చెన్నైలో మొదలుపెట్టిన ఓఫర్ అనే సంస్థను శ్రీలంక తమిళ శరణార్థులే నడుపుతూ వచ్చారు. శిబిరాల్లో పిల్లల చదువు, ఆరోగ్యం వంటి పనులను ఆ శిబిరాల మనుషులే చూసుకున్నారు. ఇంటర్న్‌షిప్ అన్న మాట వాడకముందే, శరణార్థులే ఒక సంస్థను నిలబెట్టి నడపగలరని నాలుగు దశాబ్దాలుగా మన పొరుగునే రుజువై ఉంది.

తిరిగి బ్రిటన్‌కే వస్తే, చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. వాలంటీరింగ్ చేయడానికి వచ్చే మనిషికి బస్సు డబ్బు తర్వాత ఇవ్వడం మాని, గుమ్మం దాటేముందే నగదుగా చేతిలో పెట్టొచ్చు. నిబంధనలు దానికి అడ్డు రావు. ఇంకొకటి అంతకన్నా పెద్దది. మూడేళ్లు ఒక సంస్థలో ఊరికే పనిచేసి, నివేదికలకు సాక్ష్యమిచ్చి, కొత్తగా వచ్చినవాళ్లకు దారి చూపిన మనిషికి ఒకరోజు హోదా వస్తుంది. 28 రోజుల గడియారం మొదలవుతుంది. సరిగ్గా ఆ వారంలోనే అదే సంస్థ జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ ప్రకటిస్తుంది. అర్హతలు: డిగ్రీ, బ్రిటన్ ఆఫీసులో రెండేళ్ల అనుభవం. ఆ మూడేళ్ల పని ఆ సంస్థ తలుపుల లోపలే జరిగింది. దాన్ని అనుభవంగా రాసి, తేదీలు వేసి, సంతకం పెట్టిన ఒక్క కాగితం ఆమె ఫైల్లో ఉంటే దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోదు.